గాలిగడియారానికి చివరి బ్యాటరీ

మనిషి ఊపిరికి కాపలా కాయడమంత విసుగు పుట్టించే పని ఈ లోకంలో మరొకటి లేదని పరదేశమ్మ అభిప్రాయం. గొర్రెలకు కాపలా కాస్తే అవి కనీసం అటూ ఇటూ కదులుతాయి. చేనుకు కాపలా కాస్తే మంచె మీద వెల్లకిలా పడుకుని పాటైనా పాడుకోవచ్చు. మొగుడి ఊపిరికి కాపలా కాసేదానికి ఆ అదృష్టం లేదు, అతని ముక్కు వైపే చూస్తూ కూర్చోవాలి. పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే. యాభై ఒక్క ఏళ్ళకే డెబ్బై ఏళ్ళ ముసలిదానిలా నడుం పట్టుకుని లేస్తోంది.

ఆ రోజు పొద్దున పదింటికి పెదజాలరిపేటలోని తన ఇంటి ముందు గదిలో, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, మొగుడు ఎల్లాజీ మణికట్టు మీది గాలిగడియారం విప్పింది. చూడ్డానికి అదొక లావుపాటి చేతిగడియారం. నీటి అడుగున ఎంత లోతులో ఉన్నామో, వీపున కట్టుకున్న సిలిండరులో ఎంత గాలి మిగిలిందో చూపిస్తుంది. మెడ పక్కన చర్మానికి అంటించే బొత్తాం ఒకటి దానికి జత. ఎల్లాజీ నీళ్ళలో దిగడం మానేసి పదకొండేళ్ళయినా ఆ రెండూ అతని ఒంటి మీదే ఉంటాయి. అవి తీసేసి నిద్రపోతే మళ్ళీ లేవడు. అవి ఉన్నా, నిద్రలో ఎప్పుడు మొరాయిస్తాయోనని ఆమెకు కాపలా తప్పదు.

వెనక మూత తీసి బ్యాటరీ మార్చడానికి మూడు నిమిషాలు చాలు. కొత్త బ్యాటరీ పడ్డాక గడియారం ఆ మనిషి ఊపిరి వరసను మళ్ళీ పట్టుకోవడానికి ఇంకో పదిహేడు నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ మనిషి తన ఊపిరి తానే గుర్తు పెట్టుకుని తీసుకోవాలి. అందుకని పరదేశమ్మ బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది. కూర్చున్నవాడు మాట్లాడుతూనే ఉండాలి. గాలి పీల్చకుండా ఎవడూ మాట్లాడలేడు కదా. చేతులు రెండూ తొడల కింద పెట్టుకోవాలి. నీటి అడుగున ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు నోటితో కంటే చేతులతో ఎక్కువ మాట్లాడతారు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి, బాగానే ఉన్నానంటారు. ఆ సున్నా చుట్టడానికి ఊపిరి అక్కర్లేదు.

"మొదలెట్టు మావా. నోరు ఆపకు," అంది పరదేశమ్మ, మూత మరలు విప్పుతూ.

"ఏటి సెప్పమంటావు? ఉన్నవన్నీ సెప్పేసేను గదా."

"సెప్పినవే సెప్పు. నాకు ఇనక తప్పుద్దా?"

ఎల్లాజీ చేతులు తొడల కింద పెట్టుకుని, పక్క ఓడ అడుగు గీకేసిన కథ ఎత్తుకున్నాడు. ఆ కథ ఆమెకు కంఠతా వచ్చు. హార్బరులో రెండు ఓడలు పక్కపక్కన లంగరేసి ఉంటే, నీళ్ళు మడ్డిగా ఉండి, వీళ్ళు నలుగురూ నాలుగు గంటలు కష్టపడి గీకింది వేరేవాళ్ళ ఓడ అడుగు. ఆ కెప్టెను పిలిచి మరీ బిస్కట్లు పెట్టాడట.

అతను చెబుతూ ఉంటే ఆమె చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. రబ్బరు రింగు తీసి, వెంట్రుకంత దుమ్ము కూడా లేకుండా తుడిచి, కొంచెం గ్రీజు రాసింది. రాగి పలకల మీద పచ్చగా పట్టిన చిలుమును స్పిరిటులో ముంచిన దూదితో గీకింది. పాత బ్యాటరీ తీసి, దూది పరిచిన డబ్బాలోంచి కొత్తది తీసింది. కొత్తదంటే పదకొండేళ్ళుగా వాడకుండా దాచినది. మీటరు పెట్టి చూస్తే ముల్లు కదల్లేదు. రెండోది తీసింది. అదీ చచ్చిపోయింది. డబ్బాలో ఉన్న మూడోదానికి ముల్లు సగం దాకా వెళ్ళి ఆగింది.

"...బిస్కట్లు తినేసి మేం సెప్పలేదు. ఆడూ అడగలేదు. ఏటే, ఏటైనాది?"

"ఏటీ నేదు. ఆపకు, సెప్పు."

కథ అయిపోయి, గడియారంలో పచ్చ దీపం వెలిగాక అప్పుడు చెప్పింది. ఇదే ఆఖరిది. మామూలుగా రెండేళ్ళు రావాల్సింది మహా అయితే రెండు నెలలు వస్తుంది. అంగట్లో దొరికే బ్యాటరీ దీనికి పనికిరాదని ఆమె ఎప్పుడో పరీక్షించి చూసింది. పది నిమిషాలకే గడియారం మనిషి ఊపిరిని మరిచిపోతుంది. ఇలాగే గడియారం కట్టుకుని బతుకుతున్న మిగతా పదిమంది డైవర్ల బ్యాటరీలకు ఇంకో ఏడాదో ఏడాదిన్నరో ఓపిక ఉంది. అందరికంటే ముందు వంతు ఎల్లాజీకే వచ్చింది.

ఎల్లాజీ తొడల కింద నుంచి చేతులు తీసుకుని, అరచేతుల్లో పడ్డ కుర్చీ అల్లిక గీతల్ని చూసుకుంటూ కూర్చున్నాడు.

*

ఈ గడియారం పుట్టినప్పుడు పరదేశమ్మకు ఇరవై మూడేళ్ళు. ఐటీఐ చదివి 'సాగరసేవ' అనే కంపెనీలో ఫిట్టరుగా చేరింది. ఓడల అడుగున పేరుకునే నత్తగుల్లల్ని డైవర్ల చేత గీకించడం ఆ కంపెనీ పని. హార్బరు వెనక రేకుల షెడ్డులో ఒక ఇనప గది, గోడకు గుండ్రటి అద్దం. ఆ గదిలో గాలి నొక్కితే లోపలివాడికి సముద్రం అడుగున ఉన్నట్టే ఉంటుంది. అక్కడ ఇంజినీరు వేదాద్రి గారు ఎప్పుడూ ఒక మాట అనేవారు, సిలిండరును ఖాళీ చేసేది ఊపిరితిత్తులు కాదు, కంగారు అని. మనిషి బెదిరితే అవసరానికి మూడింతలు గాలి తాగేస్తాడు. ఆ కంగారును పక్కకు నెట్టి, ఊపిరి తీసే నరాన్ని సరైన సమయానికి మెల్లగా తట్టి, మిగతా సమయంలో జోకొట్టే పరికరం ఆయన కనిపెట్టారు.

మొదట కట్టుకున్నది ఎల్లాజీ. నలభై నిమిషాలకు అయిపోయే సిలిండరుతో రెండు గంటలు ఇనప గదిలో కూర్చున్నాడు. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. అద్దంలోంచి అతను వేళ్ళతో సున్నా చుట్టి చూపిస్తే, అది తనకే అనుకుని పరదేశమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. అది వేదాద్రి గారికని తెలిసేసరికి పెళ్ళి చూపులు కూడా అయిపోయాయి.

ఒళ్ళు అలవాటు పడాలంటే ఇంట్లో కూడా కట్టుకునే ఉండాలన్నారు. నలభైమంది కట్టుకున్నారు. రోజూ అత్తగారే వంట చేస్తే కోడలికి ఉప్పెంత వెయ్యాలో తెలియకుండా పోయినట్టు, వాళ్ళ ఒంటికి ఊపిరి తీసుకోవడం తన పనేనన్న సంగతి మరుపున పడింది. మెలకువగా ఉంటే ఎలాగో పీల్చేవారు. కన్ను మూత పడితే లేదు. ఆ సంగతి బయటపడ్డాక కంపెనీ ఒక కాగితం అచ్చు వేయించి గోడకు అంటించింది. గడియారం తీయరాదు. బ్యాటరీ అయిపోకముందే మార్చాలి. వీలైనంత తొందరగా మార్చాలి.

ఆ మూడో మాట పరదేశమ్మకు బాగా నచ్చింది. మిగతా ఫిట్టర్లకు ముప్పావు గంట పట్టేది. ఆమె ఇరవై నిమిషాల్లో ముగించేది. పదకొండేళ్ళ కిందట కంపెనీ మూతపడ్డ రోజున అందరూ కుర్చీలూ బీరువాలూ మోసుకుపోతుంటే, ఆమె బ్యాటరీల డబ్బా పట్టుకుని ఇంటికొచ్చింది.

*

వేదాద్రి గారు ఇప్పుడు మద్దిలపాలెంలో మూడో అంతస్తులో ఉంటారు. లిఫ్టు పనిచేయలేదు. పరదేశమ్మ మెట్లెక్కి వెళ్ళేసరికి ఆయనే తలుపు తీశారు. జుట్టంతా పోయింది, చెయ్యి వణుకుతోంది. గుర్తుపట్టి కుర్చీ చూపించారు.

"బ్యాటరీలు నా దగ్గర లేవు పరదేశమ్మా. ఉంటే మీరు అడిగేదాకా ఆగుతానా?" అన్నారు. "ఎంతమంది మిగిలారు?"

"మాయనతో కలిపి పదకొండుమంది. కొంతమంది జొరాలొచ్చి పోనారు, కొంతమంది వొయసొచ్చి పోనారు. గడియారం ఆగిపోయి పోనోడు దానయ్యొక్కడే, బాబూ. మంగమారిపేట దానయ్య. మూడేళ్ళ కిందట తుపానులో రోడ్డు తెగిపోనాది. నాను బ్యాటరీ పట్టుకుని ఎల్లేసరికి ఆలీసమైపోనాది. ఆళ్ళావిడ కాసులమ్మ రెండు రోజులు కంటి మీద కునుకు నేకుండా ఆడ్ని నిద్దరోనివ్వకుండా కూకుంది. మూడో రోజు పొద్దున కూకున్నదే కూకున్నట్టు కన్నంటుకుంది. లేసి సూసేసరికి ఏటుంది?"

వేదాద్రి గారు కుర్చీలోంచి లేచారు. లోపలికి వెళ్ళి అట్ట ఊడిన నోటు పుస్తకం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"కంపెనీలో ఉండగా ఒక కుర్రాడి గడియారం తీసి చూశాం. ఏడు రోజులు. నిద్రలో ఊపిరి ఆగేది. పది లెక్కపెట్టేలోపు మాలో ఎవరో ఒకరం తట్టి లేపేవాళ్ళం. లేపగానే పీల్చేవాడు. అయితే లేపినందుకు పీల్చాడా, లేపకపోయినా పీల్చేవాడా? అది మాకు తెలియలేదు. ఎవరూ చివరిదాకా లెక్కపెట్టలేదు."

"అంటే?"

"ఊపిరి ఆగితే రక్తంలో చెడుగాలి పెరుగుతుంది. పెరిగితే పీల్చమని మెదడుకు కబురు వెళుతుంది. గడియారం ఎప్పుడూ ముందే తట్టేస్తుంటే ఆ కబురు వినే పని మెదడుకు లేకుండా పోయింది. చెవుడు కాదు, అలవాటు తప్పింది. రోజుకో గంట తీసి ఉంచి, తర్వాత రెండు గంటలు, తర్వాత పగలంతా తీసి ఉంచితే మళ్ళీ వినడం నేర్చుకుంటుందని నా నమ్మకం. నిద్ర అన్నిటికంటే ఆఖరున. అప్పుడు మాత్రం తట్టి లేపకూడదు. నా లెక్క ప్రకారం నలభై అయిదు లెక్కపెట్టేలోపల ఊపిరి దానంతటదే వస్తుంది."

"రాకపోతేనో?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఈ మాట అప్పుడే ఎందుకు సెప్పలేదు బాబూ?"

"ఏడో రోజున కంపెనీవాళ్ళు ఆపేయమన్నారు. ఏదైనా జరిగితే ఎవరు పూచీ అన్నారు. బ్యాటరీలు ఉన్నాయి, మార్చడానికి మీరున్నారు, అందరూ తిరుగుతున్నారు. అప్పటికి నాకూ ఓపిక అయిపోయింది, అమ్మా. పుస్తకం అటక మీద పడేశాను."

ఆమెకు ఆయన్ని నాలుగు తిట్టాలనిపించింది. ఆ వణికే చెయ్యి చూసి ఊరుకుంది. కాఫీ తాగి వెళ్ళమంటే వద్దని మెట్లు దిగిపోయింది.

ఇంటికొచ్చి చెబితే ఎల్లాజీ పెద్దగా ఆలోచించలేదు. "తీసేద్దాం," అన్నాడు. "ఎన్నాళ్ళని ఇలా కూకుంటావు? నీ మొకం నువ్వు సూసుకున్నావా ఎప్పుడైనా?"

*

మొదటి వారం రోజుకో గంట, రెండో వారం రెండు గంటలు. గడియారం బల్ల మీద, ఎల్లాజీ గుమ్మంలో. ఇరవై నిమిషాలకు సరిపడే కథలు గంటకు ఎలా సరిపోతాయి? పక్క ఓడ కథ రోజుకు నాలుగుసార్లు నడిచింది. ఆ కెప్టెను పెట్టిన బిస్కట్లు మూడో వారానికి బిర్యానీ అయిపోయాయి. పరదేశమ్మ వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ, ఆ గొంతు వినబడుతోందో లేదో చెవి ఒగ్గి ఉండేది. ఒళ్ళు పులిసిపోయేది. ఒక్కోసారి అతను ఊపిరి తీసుకుంటున్నాడా అని చూస్తూ చూస్తూ తన ఊపిరి బిగబట్టేసి, కళ్ళు తిరిగి గోడ పట్టుకునేది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం, గడియారం తీసి నాలుగు గంటలైంది. ఆమె పెరట్లో చేపలు తోముతోంది. గొంతు ఆగింది.

"మావా?"

 చేతిలో చేప పడేసి పరుగెత్తింది. ఎల్లాజీ గుమ్మంలో గోడకు చేరగిలబడి కదలకుండా కూర్చుని ఉన్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది, పెదవులు నేరేడు పండు రంగు తిరిగాయి. ఆమెను చూసి మెల్లగా చెయ్యెత్తి వేళ్ళతో సున్నా చుట్టాడు.

ఆమె అతని వీపు మీద ఒక్కటి చరిచింది. అతను గట్టిగా గాలి పీల్చి దగ్గాడు. నేల మీద బతికేవాడికి ఊపిరాడకపోతే నోరు తెరిచి ఎగపీలుస్తాడు. నీటి అడుగున బతికినవాడికి వేరే బుద్ధి పుడుతుంది. గాలి తగ్గిందని తెలియగానే మాట ఆపేస్తాడు, కదలడం ఆపేస్తాడు, ఉన్నది పొదుపు చేసుకుంటాడు. పైకొచ్చాక ఎవరి సిలిండరులో ఎక్కువ గాలి మిగిలితే వాడే మొనగాడు. ఎల్లాజీ పదిహేడేళ్ళు అలా మొనగాడనిపించుకున్నవాడే.

"ఇక్కడ సిలిండరు నేదు మావా!" ఆమె అతని భుజాలు పట్టి కుదిపింది. "ఈది నిండా గాలే! సముద్రం మీదంతా గాలే! ఎవులికి మిగల్సాలని? తీసుకో, ఎంత కావాలంటే అంత తీసుకో!"

అతను చిన్నపిల్లవాడిలా తలూపి నోరు తెరిచి పీల్చాడు. అటుపక్క వెళుతున్న వాళ్ళెవరో ఆగి చూసి, మొగుడూ పెళ్ళాల తగువనుకుని వెళ్ళిపోయారు.

ఏడో వారానికి పగలంతా గడియారం లేకుండా తిరగగలిగాడు. మాట్లాడకపోయినా పీలుస్తున్నాడు. నిద్రకు మాత్రం కట్టక తప్పలేదు. రెండుసార్లు తీసి పడుకోబెట్టి చూసింది. రెండుసార్లూ ఊపిరి ఆగగానే పది లెక్కపెట్టేలోపు ఆమె చెయ్యి దానంతటదే వెళ్ళి అతని భుజం కుదిపేసింది. పదకొండేళ్ళు కాపలా కాసిన చెయ్యి అది, చెప్పినట్టు వింటుందా?

అరవై రెండో రోజున, బ్యాటరీ అయిపోవచ్చిందని గడియారంలో ఎర్ర దీపం వెలిగింది.

ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక ముందు గదిలో చాప వేసింది. బొత్తాం ఊడదీసి, గడియారం విప్పి, పక్కన పెట్టింది. ఎల్లాజీ చాప మీద వాలి కప్పు వైపు చూస్తూ అన్నాడు, "ఒకేల ఏటైనా అయితే..."

"నోర్ముయ్యి."

"రెండు నెల్లుగా నోరు ఆపొద్దంటన్నావు. ఇప్పుడు ముయ్యమంటన్నావు. ఏదో ఒకటి సెప్పు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. అతను అటు తిరిగి పడుకున్నాడు. తిన్న అన్నం తన పని చేసింది. కాసేపటికి వీపు మెల్లగా లేస్తూ దిగుతూ, ఒకసారి దిగి, మళ్ళీ లేవలేదు.

ఒకటి, రెండు, మూడు. పదికి ఆమె చెయ్యి లేచింది. రెండో చేత్తో దాన్ని పట్టి ఒళ్ళోకి లాక్కుంది. ఇరవైకి వీధిలో ఎవరో ఉల్లిపాయలమ్ముకుంటూ పోతున్నారు. ముప్ఫైకి వేదాద్రి గారి మీద, ఆయన పుస్తకం మీద, తన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ముప్ఫై అయిదుకు ఇక చాలనుకుంది. లేపేస్తాను, బతికినన్నాళ్ళూ కూర్చుని లేపుతూనే ఉంటాను అనుకుంది. నలభై. ఇతను తన మొగుడు, ఇతను లేకపోతే తనకు ఎవరూ లేరు. నలభై రెండు. నలభై మూడు.

నలభై నాలుగుకు ఎల్లాజీ వీపు ఒక్కసారి పొంగింది. నీటి అడుగు నుంచి పైకి తేలినవాడు తీసుకునేంత పెద్ద ఊపిరి. దాని వెనకే ఇంకొకటి. ఆ తర్వాత వరసగా.

మళ్ళీ ఆగింది. ఈసారి ముప్ఫై ఏడుకు వచ్చింది. ఆ తర్వాత ముప్ఫై. సాయంత్రం నాలుగయ్యేసరికి లెక్కపెట్టేంతసేపు ఆగడమే మానేసింది. ఏడుపు పొంగుకొచ్చింది. శబ్దం చేస్తే లేస్తాడని ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, గోడకేసి తిరిగి, కడుపు నొప్పి పుట్టేదాకా ఏడ్చింది.

*

తొమ్మిది రోజులు అలాగే చూసింది. ఎల్లాజీ రోజూ నిద్రపోయాడు, రోజూ లేచాడు. తొమ్మిదో రోజున, "ఇంక నువ్వు పడుకో, నాను సూసుకుంటాను," అని హాస్యమాడాడు. ఆమె పడుకుంది కానీ నిద్ర పట్టలేదు. దానయ్య కళ్ళలో మెదిలాడు.

పదో రోజు పొద్దున బస్సెక్కి మంగమారిపేట వెళ్ళింది. కాసులమ్మ ఇంటి ముందు చేటలో ఎండు రొయ్యలు చెరుగుతోంది. నలభై రెండేళ్ళ మనిషి, బక్కచిక్కి ఉంది.

"ఏటప్పా, కబురు పెట్టకుండా వచ్చేసేవు? అన్నకి బాగుందా?"

పరదేశమ్మ అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పింది. దాచలేదు. బ్యాటరీ అయిపోవడం, నోటు పుస్తకం, నలభై నాలుగు లెక్క. కాసులమ్మ చేట కింద పెట్టింది.

"నీ మొగుడికి నాను నాలుగుపాలి బ్యాటరీ మార్సేను, కాసులూ. నాలుగుపాలీ ఇరవై నిమిషాల్లో. మొదటిపాలి గంట ఆగి, రెండోపాలి పూటంతా ఆగి మార్సుంటే, తుపానొచ్చేసరికి ఆడికా బ్యాటరీతో పనే ఉండేది కాదు. ఆ రోగానికి మందేస్తన్నాననుకున్నాను. రోగాన్నే మేపేను."

"అయితే నాను కునుకు తియ్యడం వల్ల కాదా?" అంది కాసులమ్మ.

"కాదు. నువ్వు లేపినా ఇంకో రోజు, ఇంకో రెండు రోజులు. అంతే. ఎవులు మాత్రం ఎన్నాళ్ళు మేలుకుంటారు?"

"మూడేళ్ళయినాది అప్పా నాను సరిగ్గా పడుకుని. కన్నంటుకుంటే ఆడు పిలిసినట్టుంటాది." ఆమె చేతికంటిన రొయ్యల పొట్టు చీరకు తుడుచుకుంది. "నువ్వొచ్చినప్పుడల్లా సేపల కూర వొండి పెట్టేదాన్ని. పరదేశమ్మ సెయ్యి పడితే ఇరవై నిమిషాలే అని ఆడు ఊరంతా సెప్పుకునేవోడు."

"తిట్టు కాసులూ. కొట్టు. ఏటైనా సెయ్యి."

కాసులమ్మ తిట్టలేదు. చేటలోని రొయ్యల్ని బుట్టలో పోసి, పైన గుడ్డ కప్పింది.

"మిగతా పదిమందికీ తెలుసునా?"

"ఇంకా నేదు. నీకు సెప్పకుండా ముందు ఆళ్ళకెలా సెప్పను?"

"నాకేటి తొందర? నా మనిషి ఎలాగూ నేడు." కాసులమ్మ లేచి లోపలికి వెళ్ళి, తాళం కప్పతో బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. "ఆళ్ళంతా ఇయ్యాల కూడా అది కట్టుకునే పడుకుంటారు గదా. నాను కూడా వొస్తాను. నువ్వు సెప్తే నమ్మకపోయినా నా మొకం సూసి నమ్ముతారు. లే. ముందు దగ్గరున్నోళ్ళ ఇల్లు సూపించు."

పరదేశమ్మ లేవబోయింది. మోకాళ్ళు పట్టేశాయి. కాసులమ్మ చెయ్యి అందించలేదు. ఆమె లేచి నిలబడేదాకా మాత్రం వీధిలో ఆగింది.